విష్ణు షీటులో చదవాల్సింది పేర్లు కాదు

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో మొన్నొక పాత పటం ఫొటో వచ్చింది. పసుపెక్కిన కాగితం, నిండా మట్టిరంగు గీతలు, నడుమ మెలికలు తిరుగుతూ కొలరాడో నది. పైన ఇంగ్లీషులో 'విష్ణు క్వాడ్రాంగిల్, అరిజోనా' అని ఉంది. క్వాడ్రాంగిల్ అంటే సర్వే పటాల్లో ఒక షీటు. లోపల విష్ణు టెంపుల్, దానికి దగ్గర్లోనే కృష్ణా ష్రైన్, రామా ష్రైన్. కింద ఎవరో తెలుగులో వ్యాఖ్యానం తగిలించారు: అమెరికా ప్రభుత్వమే అచ్చువేసిన సాక్ష్యమట, గ్రాండ్ కేన్యన్ నిండా వేల ఏళ్ళనాటి మన గుళ్ళేనట, ఇప్పుడు అటువైపు ఎవర్నీ పోనివ్వడం లేదట. చూస్తుండగానే దండం బొమ్మలు వరుసకట్టాయి.

ఆ పటం నాకు బాగా పరిచయం. ఫీనిక్స్ పక్కన ఉంటాను, చదివింది సివిల్. అమెరికా జియలాజికల్ సర్వే వాళ్ళు నేల ఎత్తుపల్లాలు చూపే తమ పాత టోపోషీట్లన్నీ స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అందులోంచి దించుకుని పెద్ద సైజులో ప్రింటు తీయించుకున్నాను. ఫార్వర్డ్ అబద్ధమని చెప్పడానికి పెద్ద కష్టం లేదు. అక్కడ గుళ్ళు లేవు. వాన, మంచు, గాలి, నది కలిసి కోసిన రాతి శిఖరాలున్నాయి. ఎవరైనా పోవచ్చు, పోతున్నారు. విష్ణు టెంపుల్ ఎక్కిన పర్వతారోహకులు చాలామందే ఉన్నారు. నేను రాయాలనుకున్నది అది కాదు. ఆ పటంలో అందరి కళ్ళూ పేర్ల మీదే ఎందుకు పడతాయి, పడాల్సిన చోట ఎందుకు పడవు అన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తున్న సంగతి.

ఫార్వర్డులను నమ్మేవాళ్ళను వెక్కిరించే ఉద్దేశం కూడా లేదు. తెల్లవాళ్ళు మనకంటే ముందే ఆ పని చేశారు. 1909 ఏప్రిల్‌లో 'అరిజోనా గెజెట్' అనే ఫీనిక్స్ పత్రిక, గ్రాండ్ కేన్యన్ గోడలో ఒక రహస్య గుహ దొరికిందనీ, అందులో ఈజిప్టు తరహా మమ్మీలు, విగ్రహాలు ఉన్నాయనీ పెద్ద కథ అచ్చువేసింది. గుహ కనిపెట్టినాయన వాషింగ్టన్‌లోని పెద్ద మ్యూజియం, పరిశోధన సంస్థ స్మిత్సోనియన్ తరఫు మనిషని రాసింది. స్మిత్సోనియన్ రికార్డుల్లో అలాంటి మనిషీ లేడు, అలాంటి తవ్వకమూ లేదు. అయినా ఆ కథ ఇవాళ్టికీ బతికే ఉంది. దాన్ని నమ్మేవాళ్ళు చూపించే రుజువేమిటో తెలుసా? ఇదే కేన్యన్ పటాలు, విష్ణు షీటుకు పక్క షీటు. ఐసిస్ టెంపుల్, ఓసిరిస్ టెంపుల్, కియాప్స్ పిరమిడ్ అని ఉంది కదా, ఊరికే పెడతారా అంటారు. పటాలు ముందు, పత్రిక కథ తరువాత. పేర్లు చూసే కథ అల్లి ఉంటారని నా అనుమానం.

పేరు పెట్టడం ఎంతసేపు?

విష్ణు, శివ పేర్లు పెట్టినాయన క్లారెన్స్ డటన్. అమెరికా సైన్యంలో ఆయుధాగారాల విభాగం కెప్టెను, యేల్‌లో చదువుకున్నవాడు, భూగర్భశాస్త్రం మీద మోజుతో, పడమటి అమెరికాను ప్రభుత్వం తరఫున కొలిచిన పోవెల్ సర్వేలో చేరినవాడు. 1882లో గ్రాండ్ కేన్యన్ మీద ఆయన రాసిన బృహద్గ్రంథం, దానికి జతగా వచ్చిన అట్లాసు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటాయి. అంచున నిలబడి చూస్తే ఆ శిఖరాలు అంతస్తులు అంతస్తులుగా, తూర్పుదేశాల గోపురాల్లా ఆయనకు కనపడ్డాయి. కొండకు అమెరికన్ సెనేటర్ పేరు పెడితే నప్పదనుకున్నాడు. విష్ణు అన్నాడు, శివ అన్నాడు. ఒక గుండ్రటి లోయకు హిందూ యాంఫీథియేటర్ అని కూడా పెట్టారు.

డటన్ మీద నాకు కోపం లేదు, పైగా గౌరవం. కానీ ఆ తరువాత వచ్చినవాళ్ళు ఆ దారినే పట్టి చకచకా పెట్టుకుంటూ పోయారు. బ్రహ్మ, దేవ, మను, బుద్ధ, కన్‌ఫ్యూషియస్, జొరాస్టర్, జూపిటర్, వీనస్. జర్మన్ పురాణాల నుంచి వోటాన్ సింహాసనం. ఇంకాస్త పడమటికి పోతే ఆర్థర్ రాజు కథలోని కత్తి, లాన్సెలాట్, రాణి గ్వినెవీర్. ఎవరు ఏ పుస్తకం చదువుకుని వస్తే ఆ పుస్తకం కొండెక్కింది. విష్ణువు పేరుండటం మన ప్రాచీనతకు రుజువైతే, లాన్సెలాట్ పేరుండటం ఇంగ్లండు ప్రాచీనతకు రుజువు కావాలి. ఆ వాదన ఇంగ్లీషువాళ్ళెవరూ చేసినట్టు నేను వినలేదు, పాపం వాళ్ళకు వాట్సాప్ బంధువులు తక్కువేమో.

నా వాదన ఇది: పటంలో అన్నిటికంటే చవకైనది పేరు. దూరం నుంచి చూసి పెట్టొచ్చు, చూడకుండా కూడా పెట్టొచ్చు. వాషింగ్టన్‌లో పేర్లు ఖరారు చేసే ఒక బోర్డు ఊఁ అంటే అచ్చులోకి ఎక్కుతుంది. గీత అలా రాదు. అదే కాగితం మీద పేర్ల కింద అల్లుకుని ఉన్న వేలాది మట్టిరంగు గీతల్లో ప్రతిదానికీ ఎవరో ఒకరు ఎండలో నిలబడి సమాధానం చెప్పుకోవాల్సి వచ్చింది.

గీత ఎంతసేపు?

సివిల్ చదివినవాళ్ళకు సర్వే క్యాంపు గుర్తుండే ఉంటుంది. మా క్యాంపు ఒక గుట్టల ప్రాంతంలో పెట్టారు. కాంటూరు పటం గీయాలి. అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గీతలు లాగాలి. మా బ్యాచ్‌లో ఒకడు గుట్ట వెనకవైపు ఎక్కడానికి బద్ధకించి, రాత్రి హాస్టల్ గదిలో కూర్చుని అటువైపు గీతలు సొంతంగా 'పుట్టించాడు'. చూడ్డానికి మా అందరి షీట్ల కంటే అందంగా ఉంది. మా సార్ దాన్ని అర నిమిషం చూసి, "ఇక్కడ నీళ్ళు పోస్తే ఎటు పోతాయిరా?" అని అడిగారు. వాడి గీతల ప్రకారం వాగు గుట్ట పైకి పారుతోంది. నోట మాట లేదు.

వాడు ఆ గుట్టకు తన పేరే పెట్టుకుని ఉంటే? సార్ నవ్వి ఊరుకునేవారు. తప్పని నిరూపించడానికి దారి లేదు. గీతలో మోసం మాత్రం నీళ్ళు పోస్తే బయటపడుతుంది. నేను ఈ తేడా మీద ఇంత మొండిగా ఉండటానికి ఆ అర నిమిషం కూడా ఒక కారణం.

గ్రాండ్ కేన్యన్ గీతలు గీసినాయన ఫ్రాన్సువా మాథెస్. ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టి, అమెరికా వచ్చి ఎంఐటీలో చదివి, 1896లో జియలాజికల్ సర్వేలో చేరాడు. 1902లో ఆయన్ను కేన్యన్‌కు పంపారు. స్కేలు 1:48,000, అంటే కాగితం మీద అంగుళం నేల మీద 4,000 అడుగులు. గీతకూ గీతకూ మధ్య 50 అడుగుల ఎత్తు తేడా. అంచు నుంచి నది దాకా దాదాపు మైలు లోతున్న చోట 50 అడుగుల కాంటూరు! ఆ రోజుల్లో ఆ నేల మీద అది సాహసమే.

చేతిలో ఉన్నది ప్లేన్ టేబుల్. మూడు కాళ్ళ మీద ఒక చదును బల్ల, దాని మీద కాగితం, కాగితం మీద దుర్భిణీ బిగించిన స్కేలు. దాన్నే అలిడేడ్ అంటాం. ఒక శిఖరాన్ని దుర్భిణీలో చూసి దాని దిక్కుగా కాగితం మీద గీత లాగాలి. బల్ల ఎత్తుకుని ఇంకో చోటికి పోయి, అదే శిఖరాన్ని మళ్ళీ చూసి ఇంకో గీత లాగాలి. రెండూ కలిసిన చోట శిఖరం ఉన్నట్టు. మూడో చోటి నుంచి లాగిన గీత కూడా అక్కడే కలిసిందా, నిద్ర పడుతుంది. కలవలేదా, మళ్ళీ మొదటికి. దుర్భిణీ పైకో కిందికో ఎంత వంగిందో చూసి లెక్క కడితే ఎత్తు వస్తుంది. ఇలా ముఖ్యమైన చోట్లన్నీ పడ్డాక, నేలను కంటితో చూస్తూ వాటి మధ్య కాంటూర్లు గీయాలి, అక్కడికక్కడే. ఇంటికెళ్ళాక గీద్దామంటే కుదరదు.

ఈ లోయలో ఒక సౌకర్యం ఉంది. మామూలుగా కొండల కింద నిలబడి తలెత్తి చూస్తాం. ఇక్కడ కొండలన్నీ మన కాళ్ళ కిందే ఉంటాయి. అంచున నిలబడితే లోపలి శిఖరాలు చాలావరకు కనబడతాయి. మాథెస్ దాన్ని బాగా వాడుకున్నాడు. కానీ దక్షిణపు అంచు నుంచి కనపడేది సగమే, ఉత్తరపు అంచుకూ పోవాలి. రెండు అంచుల మధ్య పది మైళ్ళు, పక్షికైతే. మనిషికి, గుర్రాలకు, సామానుకు అయితే లోపలికి దిగి, నది దాటి, మళ్ళీ ఎక్కాలి. వంతెన లేదు. దాటి, అక్కడి పని ముగించుకుని, తిరిగి రావడానికి దగ్గర దారి వెతుకుతుంటే బ్రైట్ ఏంజెల్ లోయలోంచి గడ్డాలు పెరిగి చిక్కిపోయిన ఇద్దరు మనుషులు ఒక గాడిదతో పైకి వచ్చారట. వాళ్ళు ఎక్కగలిగితే మేం దిగగలం అనుకుని ఈయన బృందం అటే దిగింది. కొన్నిచోట్ల జంతువులు వెనకకాళ్ళ మీద కూర్చుని జారాయి. ఇవాళ ఉత్తరపు అంచు నుంచి దిగే నడకదారికి మూలం ఆ దారే.

ఈ పాటు పడి గీసిన పటంలో కనపడేది చూడండి. రెడ్‌వాల్ సున్నపురాయి దాదాపు 500 అడుగుల నిలువు గోడ. అక్కడ పది కాంటూర్లు ఒకదాని మీద ఒకటి పడి మందపాటి మట్టిరంగు పట్టీ అయిపోతాయి. దాని కింద టాంటో మెట్ట దగ్గర గీతలు ఒక్కసారి దూరం జరిగి ఊపిరి పీల్చుకుంటాయి. మళ్ళీ నది దగ్గర లోపలి ఇరుకులో బిగుసుకుంటాయి. ఏ రాయి గట్టిది, ఏది మెత్తనిది అన్నది పటంలో ఎక్కడా రాయలేదు. గీతల ఎడం చూసి చెప్పేయొచ్చు. షీటు ప్రింటు తీయించిన కొత్తలో నేను పేర్లు వదిలేసి వేలితో ఆ పట్టీని వెంటాడుతూ కూర్చునేవాణ్ణి. మా ఆవిడకు అది ఇప్పటికీ వింతే.

పేరు ఊరిస్తే గీత ఏం చేస్తుందో చెప్పే ఉదంతం ఒకటుంది. 1937లో న్యూయార్కు సహజచరిత్ర మ్యూజియం వాళ్ళు శివ టెంపుల్ మీదికి యాత్ర కట్టారు. వేల ఏళ్ళుగా ఉత్తరపు అంచు నుంచి తెగిపోయి ఉన్న ఆ అడవి ముక్క మీద జంతువులు వేరే రకంగా మారి ఉంటాయేమో చూద్దామని. ప్రశ్న మంచిదే. పత్రికలు మాత్రం 'కాలం మరచిన లోకం' స్థాయిలో ఊదాయి. శివుడి గుడి అన్న పేరు ఆ ఊదుడికి బాగా కుదిరింది. తీరా ఎక్కి చూస్తే పెద్ద తేడా ఉన్న జంతువేదీ దొరకలేదు. జింక కొమ్ములు దొరికాయి, పూర్వం అక్కడ తిరిగిన స్థానిక ప్రజల రాతి పనిముట్లు దొరికాయి. అన్నిటికీ మించి కొడాక్ ఫిల్ము పెట్టె ఒకటి! దక్షిణపు అంచున ఫొటో స్టూడియో నడిపే ఎమెరీ కోల్బ్ వీళ్ళకంటే ముందే చప్పుడు చేయకుండా ఎక్కి వచ్చాడు. మాథెస్ షీటు విప్పి చూస్తే శివ టెంపుల్‌ని ఉత్తరపు అంచుతో కలుపుతూ ఒక జీనులాంటి పల్లం కనబడుతుంది. గీతల ప్రకారం అది కష్టమైన దారే కానీ, తెగిపోయిన లోకం కాదు. కోల్బ్‌కు ఆ సంగతి తెలుసు.

1971 నుంచి బ్రాడ్‌ఫోర్డ్ వాష్‌బర్న్ అనే పర్వతారోహకుడు, మ్యూజియం డైరెక్టరు, లేజర్ పరికరాలూ హెలికాప్టర్లూ పెట్టి కేన్యన్ నడిబొడ్డును రెట్టింపు స్కేలులో మళ్ళీ కొలిచాడు. నేషనల్ జియోగ్రఫిక్ 1978లో దాన్ని అచ్చువేసింది. గీతలన్నీ కొత్తవి. పేర్లు పాతవే. మంచి పరికరం వస్తే గీతను సరిదిద్దవచ్చు. 'విష్ణు'ను ఏ పరికరంతో సరిదిద్దుతారు?

అమ్మ అడ్డుపుల్ల

ఇంతవరకు నా వాదన నాకే ముచ్చటగా ఉంది. మా అమ్మ దగ్గర మాత్రం చెల్లలేదు.

అమ్మ వచ్చినప్పుడు కేన్యన్‌కి తీసుకెళ్ళాం. తూర్పువైపు ఒక వ్యూ పాయింట్ దగ్గర, అదిగో విష్ణు టెంపుల్ అని చూపించాను. వెంటనే చెప్పులు విప్పి దండం పెట్టింది. నేనూరుకోవచ్చుగా! గుడి కాదమ్మా, వట్టి రాయి, నూట నలభై ఏళ్ళ కిందట ఒక అమెరికన్ మిలిటరీ ఆయన పెట్టిన పేరు అని మొదలుపెట్టాను. అంతా విని, "మన ఊరి గుట్ట మీద నరసింహస్వామికి పేరెవరు పెట్టారో నీకు తెలుసా?" అంది. తెలీదన్నాను. "అదీ రాయే. ఎవడో ఒకడు ముందు చూసి అనుకున్నాడు. నువ్వు ఆయన్ని అడిగావా వాషింగ్టన్ నుంచి వచ్చావా అని?"

దీనికి నా దగ్గర తిరుగులేని సమాధానం లేదు. ఫార్వర్డ్ చేసినవాడు పేరును రుజువుగా వాడుతున్నాడు. అమ్మకు రుజువుతో పనిలేదు, పేరు ఒక సాకు, దండం పెట్టుకోవడానికి కారణం దొరికితే చాలు. ఆ రెండూ ఒకటి కావు. పేర్లు చవక అన్నప్పుడు నేను మొదటివాణ్ణి దృష్టిలో పెట్టుకుని అన్నాను, రెండోదానికి అది సరిగ్గా అతకదు. పేరు పెట్టడానికి ఖర్చు లేకపోవచ్చు, తలుచుకునేవాళ్ళు పోగయ్యేకొద్దీ దాని విలువ పెరుగుతుందేమో. అయినా అమ్మతో ఒక్క విషయంలో ఇప్పటికీ రాజీపడలేదు. మన ఊరి గుట్ట పేరు ఆ గుట్ట కింద బతికినవాళ్ళు పెట్టింది. ఈ కొండల కింద బతికినవాళ్ళను ఎవరూ అడగలేదు. వాళ్ళ సంగతికి తరువాత వస్తాను.

అసలు చుట్టరికం వేరే ఉంది

గ్రాండ్ కేన్యన్‌కూ ఇండియాకూ సంబంధం కావాలనుకుంటే నిజమైనది ఒకటుంది, అది కూడా డటన్ ద్వారానే.

ఇండియాను త్రిభుజాలుగా కొలిచిన బ్రిటిష్ వాళ్ళ గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో ఒక లెక్క కుదరలేదు. మధ్యభారతంలోని కల్యాణ్‌పూర్‌కూ, ఉత్తరాన హిమాలయాల వైపున్న కలియానాకూ మధ్య అక్షాంశాల తేడాను రెండు రకాలుగా కట్టారు. నేల మీద త్రిభుజాలు కొలిచి ఒకటి, నక్షత్రాలను చూసి ఒకటి. రెంటికీ 5.236 సెకన్ల తేడా వచ్చింది. సెకను అంటే ఇక్కడ డిగ్రీలో 3,600వ వంతు. నక్షత్రాలు చూసేటప్పుడు గుండు కట్టిన దారం నిట్టనిలువుగా ఉందనుకుంటాం. పక్కన హిమాలయమంత బరువుంటే ఆ గుండు కొంచెం అటు లాగబడుతుంది. తేడాకు అదే కారణమేమో చూద్దామని కలకత్తాలోని ప్రాట్ అనే మతాధికారి లెక్క కట్టాడు. హిమాలయాల బరువు ప్రకారం తేడా 15.885 సెకన్లు ఉండాలి. వచ్చింది అందులో మూడో వంతు! అంటే అంత పెద్ద పర్వతాలు లాగాల్సినంత లాగడం లేదు. వాటి కింద ఎక్కడో బరువు తక్కువ ఉండాలి. పర్వతాలకు తేలికపాటి వేళ్ళు లోతుగా దిగి ఉన్నాయనీ, అవి కింది బరువైన పదార్థం మీద తేలుతున్నట్టు ఉన్నాయనీ 1855లో బ్రిటిష్ ఖగోళశాస్త్రజ్ఞుడు ఎయిరీ వివరించాడు. ఈ ఆలోచన మీదే పనిచేసి 1889లో దానికి ఐసోస్టసీ అని పేరు పెట్టింది మన డటనే. పైన బరువు కొట్టుకుపోతే కింద నేల లేస్తుంది అన్న మాట, మైలు లోతున రాయి కొట్టుకుపోయిన కేన్యన్‌ను చూసినవాడికి ఎందుకు తట్టిందో అర్థం చేసుకోవడం కష్టం కాదు.

ఆ సర్వేకు మన నేలతోనూ లెక్కుంది. దాన్ని మొదలుపెట్టిన లాంబ్టన్ చాలా ఏళ్ళు హైదరాబాదు కేంద్రంగా పనిచేశాడు. 1818 చివర్లో ఆయనకు సహాయకుడిగా హైదరాబాదులో దిగిన కుర్రాడు జార్జ్ ఎవరెస్ట్. తరువాతి ఏడు వానాకాలంలో అతన్ని కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లోకి పంపారు. అడవిజ్వరం బృందాన్ని మొత్తం పడగొట్టింది. కొందరు చనిపోయారు. ఎవరెస్ట్ కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా పోవాల్సి వచ్చింది. ఆయన పేరుతో ఒక శిఖరం ఉంది. ఆ జ్వరంలో పోయిన జెండాకూలీల పేర్లు నేను చదివిన ఏ పుస్తకంలోనూ కనపడలేదు. వాళ్ళు మోసిన గొలుసులూ, పట్టుకున్న జెండాలూ లేకుండా ఆ సర్వేలో ఏ లెక్కా లేదు. నాకైతే విష్ణు షీటులోని భారతీయత అంటే ఇదే, అచ్చక్షరాల్లో లేనిది.

గీతల పాపం

ఇక వాయిదా వేసిన సంగతి. నా వాదనను అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది ఇదే, ఎందుకంటే ఇక్కడ గీత మంచి పక్షాన లేదు.

దక్షిణపు అంచు నుంచి బ్రైట్ ఏంజెల్ దారిలో సగం దూరం దిగితే నీటి ఊట, చెట్లు ఉన్న ఒక పచ్చటి చోటు వస్తుంది. పటాల్లో దాని పేరు చాలాకాలం 'ఇండియన్ గార్డెన్'. మా బావ దాన్ని చూసి, ఇక్కడా మనవాళ్ళు మామిడితోట వేశారా అన్నాడు, సరదాకే. అది హవాసుపాయ్ అనే స్థానిక తెగ ప్రజలు మొక్కజొన్న, చిక్కుడు పండించుకున్న చోటు. ఇవాళ టూరిస్టులు దిగే ఆ దారి కూడా మొదట వాళ్ళదే. నేషనల్ పార్కు వచ్చాక అక్కడ మిగిలిన ఆఖరి కుటుంబాన్ని 1928లో బయటికి పంపేశారు.

అంతకంటే ముందు జరిగింది ఇంకా చేదుగా ఉంటుంది. 1880లో వాళ్ళకంటూ కొంత భూమి కేటాయిస్తూ ప్రెసిడెంటు ఉత్తర్వు ఇచ్చాడు. హద్దులు తేల్చడానికి మరుసటి ఏడు సైనికాధికారులు వచ్చారు. ఆ గోడల మీదా లోయల్లోనూ హద్దురాళ్ళు పాతడం కష్టమని తేల్చి, లోయ అడుగున సాగు చేసుకునే నేలకే పరిమితం చేయమన్నారు. 1882లో కొత్త ఉత్తర్వు వచ్చింది: 518 ఎకరాలు. శీతాకాలంలో వేటాడుతూ, జీడిగింజల్లాంటి పైన్ గింజలు ఏరుకుంటూ వాళ్ళు తిరిగే పీఠభూమి అంతా గీతకు అవతల పడింది. కొలవడం కష్టమైనందుకు శిక్ష కొలిచేవాడికి కాదు, అక్కడ ఉండేవాడికి పడింది.

మాథెస్ గీతలు ఎండలో నిజాయితీగా గీసినవని పైన అంత రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ ఆయన పని మొదలుపెట్టే ముందు ఏడాది, 1901లో, రైలు కేన్యన్ అంచు దాకా వచ్చేసింది. హోటళ్ళు, బాటలు, ఆ తరువాత పార్కు. వీటన్నిటికీ మంచి పటం కావాలి. కాంటూరు నిజమే చెబుతుంది, ఎవరు అడిగినా చెబుతుంది. అడిగేవాళ్ళలో హవాసుపాయ్ వాళ్ళు లేరు.

అందుకని పేర్లూ గీతలూ రెండూ సమానమే అంటారా? కొందరు మిత్రులు అంటారు. నేను ఇంకా గీతల పక్షమే, కాకపోతే కారణం మారింది. అబద్ధం చెప్పవు కనుక అని మొదట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు, మేలైనా కీడైనా చేసేది గీతే కనుక అంటాను. పల్లెలో పుట్టినవాళ్ళెవరికీ ఇది విడమరచి చెప్పక్కర్లేదు. మిట్టచేను అనండి, పాటిచేను అనండి, తగాదా వచ్చేది గట్టు దగ్గరే. సర్వేయరు గొలుసు వేసే రోజున పేరు గురించి ఎవరూ మాట్లాడరు.

2022 నవంబరులో ఇండియన్ గార్డెన్ పేరును హవాసుపాయ్ గార్డెన్స్‌గా మార్చారు. వాళ్ళు కోరుకున్న మార్పే, బోర్డు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. పత్రికలన్నీ రాశాయి. మంచిదే. ఖర్చు లేని పని కనుకే ఒప్పుకున్నారని నాలోని సివిల్ ఇంజనీరు గొణుగుతాడు. 1975లో జరిగింది అలా కాదు. పార్కు విస్తరణ చట్టంలో భాగంగా పీఠభూమి మీద సుమారు 1,85,000 ఎకరాలు వాళ్ళకు తిరిగి ఇచ్చారు. పేరున్న పర్యావరణ సంస్థలు కొన్ని గట్టిగా వ్యతిరేకించాయి. ఆ గీత జరగడానికి 93 ఏళ్ళు పట్టింది. దాని గురించి మా వాట్సాప్ గ్రూపుల్లో సరే, ఇక్కడి అమెరికన్ సహోద్యోగుల్లో కూడా విన్నవాళ్ళు నాకు ఎవరూ తగల్లేదు.

అయితే ఆ గొణుగుడుకీ ఒక హద్దుంది. పేరు మారిన రోజుల్లో ఆ తెగవాళ్ళు చెప్పిన మాటలు చదివాను. తరిమేసిన చోటికి, రోజూ వందలమంది నడిచే చోటికి, తమ పేరు రావడం వాళ్ళకు చిన్న విషయంగా లేదు. అది చవక అని తేల్చేయడం నా పని కాదు, గెంటివేయబడింది నేను కాదు గనక. వాళ్ళు రెండూ అడిగారు. ముందు భూమి వచ్చింది, 47 ఏళ్ళ తరువాత పేరు వచ్చింది. ఆ తోటలో భూమి మాత్రం ఇప్పటికీ పార్కుదే.